వయసు మళ్లిన ముసాఫిర్ - అల్లాహ్ ఇచ్చిన వెసులుబాటు

దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) ఒకసారి దారిలో ఒక వృద్ధుణ్ణి చూశారు. ఆయన తన ఇద్దరు కొడుకుల ఆసరాతో కాళ్లీడ్చుకుంటూ నడుస్తున్నాడు. సంగతేమిటని అడిగితే, కాలినడకన వెళ్తానని మొక్కుకున్నాడని అక్కడివారు చెప్పారు. ఆ మనిషి తనను తాను ఇలా బాధపెట్టుకోవడం అల్లాహ్‌కు అవసరం లేదని చెప్పి, వాహనమెక్కమని దైవప్రవక్త (స) ఆదేశించారు. హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది.

ఈ హదీసును ముందుగా ప్రస్తావించడానికి కారణం ఉంది. నేడు మన ఇళ్లలో యాభై, అరవై దాటిన పెద్దలు మునుపెన్నడూ లేనంతగా ప్రయాణాలు చేస్తున్నారు. ఒకప్పుడు హజ్ అంటే బొంబాయి వెళ్లి ఓడ ఎక్కడమే. ఆ ఓడ ప్రయాణాలు 1995లో ఆగిపోయాయి. ఇప్పుడు హైదరాబాదులో విమానం ఎక్కితే సుమారు ఆరు గంటల్లో జిద్దాలో దిగవచ్చు. ఉమ్రాకు వెళ్లేవారు, గల్ఫ్‌లో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్లేవారు, చిల్లాకు జమాఅత్‌లో బయలుదేరేవారు, కాన్పుకు కూతురి ఊరు వెళ్లే తల్లులు - వీరందరికీ దారి సులభమైంది. కానీ మోకాళ్లు మాత్రం పాతవే. షుగరు, బి.పి., ప్రోస్టేట్ బాధలు టికెట్టుతో పాటే వస్తాయి.

ఇక్కడే ఒక చిత్రమైన సంగతి కనిపిస్తుంది. ముసాఫిర్‌కు, రోగికి, వృద్ధుడికి షరీఅత్ ఎన్నో వెసులుబాట్లు ఇచ్చింది. వీటినే ఫిఖహ్ పరిభాషలో రుఖ్సత్ అంటారు. యువకులు వీటిని చక్కగా వాడుకుంటారు. ఎవరి కోసమైతే ఇవి ముఖ్యంగా వచ్చాయో ఆ పెద్దలే వాటిని ముట్టుకోరు. "ఇంత దూరం వచ్చి కుర్చీలో కూర్చుని తవాఫ్ చేయాలా? సవాబు తగ్గిపోదా?" అంటారు. "ఉపవాసం వదిలేస్తే మనసు ఒప్పుకోదు" అంటారు. మనసు ఒప్పుకోకపోవడం వేరు, ధర్మం ఒప్పుకోకపోవడం వేరు.

దాచిపెట్టిన జబ్బు

పెద్దల ప్రయాణాలలో మొట్టమొదటి ప్రమాదం దారిలో లేదు, ఇంట్లోనే ఉంది. డాక్టరు వద్దంటాడేమో, కొడుకు టికెట్ రద్దు చేస్తాడేమో అని చాలామంది తమ బాధను దాచేస్తారు. మెట్లెక్కితే గుండెల్లో బరువుగా ఉంటోందని అబ్బా చెప్పరు. కాలి బొటనవేలి పక్కన పుండు మానడం లేదని అమ్మీ చెప్పదు. "అల్లాహ్ ఇంటికి వెళ్తున్నాం, ఆయనే చూసుకుంటాడు" అంటారు. తవక్కుల్ అంటే ఒంటెను కట్టి ఆ తర్వాత అల్లాహ్‌పై భారం వేయడమని మనకు చిన్నప్పుడే నేర్పారు. రక్తపరీక్ష చేయించుకోవడం, గుండె పరీక్ష చేయించుకోవడం ఒంటెను కట్టడంలోకే వస్తాయి.

హజ్ ఫర్జ్ కావడానికి ఇస్తితాఅత్, అంటే శక్తి ఉండాలని సూరా ఆలి ఇమ్రాన్ 97వ ఆయత్ తెలుపుతోంది. మనవాళ్లు ఈ శక్తిని డబ్బు లెక్కలోనే చూస్తారు. దేహారోగ్యం, దారి భద్రత కూడా ఇస్తితాఅత్‌లో భాగమే. డబ్బుండి, ఇక ఎన్నటికీ ప్రయాణం చేయలేని స్థితికి శరీరం చేరితే హజ్జె బదల్ మార్గం ఉంది. హజ్జతుల్ విదా సమయంలో ఖస్అమ్ తెగకు చెందిన ఒక స్త్రీ వచ్చి, తన తండ్రి ముసలివాడని, వాహనంపై నిలకడగా కూర్చోలేడని, ఆయన తరఫున తాను హజ్ చేయవచ్చా అని అడిగింది. చేయవచ్చని దైవప్రవక్త (స) అనుమతించారు. ఆ తండ్రి పడుతూ లేస్తూ రావాలని అడగలేదు. ఇక నయమయ్యే జబ్బయితే నయమయ్యే దాకా ఆగాలి. అప్పుడే బదల్‌కు తొందరపడకూడదు.

మరొక మాట కూడా చెప్పాలి. హనఫీ మజ్‌హబ్‌లో ఉమ్రా సున్నతె ముఅక్కదా. ఫర్జ్ కాదు. దానికోసం అప్పు చేయనక్కరలేదు, ఉన్న ఎకరం అమ్మనక్కరలేదు, కంటి ఆపరేషన్ వాయిదా వేయనక్కరలేదు. ఫర్జ్ హజ్ బాకీ ఉండగానే నాలుగోసారి ఉమ్రాకు వెళ్లే పెద్దమనుషులూ ఉన్నారు. ఆ ఓపిక, ఆ పైకం హజ్‌కు దాచుకుంటే బాగుండేది.

వేడిమి సంగతి తేలికగా తీసుకోకండి. 2024 జూన్‌లో హజ్ రోజుల్లో మక్కా హరమ్ వద్ద ఉష్ణోగ్రత 51.8 డిగ్రీలకు చేరింది. ఆ ఏడాది 1301 మంది మరణించారని సౌదీ ప్రభుత్వం ప్రకటించింది. వారిలో నూటికి ఎనభై మందికి పైగా అనుమతి పత్రాలు లేకుండా వచ్చి, నీడా వాహనమూ లేక ఎండలో మైళ్లకొద్దీ నడిచినవారు. మన దేశం నుంచి వెళ్లినవారిలో 98 మంది చనిపోయారు. వృద్ధాప్యం, పాత జబ్బులు ఎక్కువగా కారణమని భారత విదేశాంగ శాఖ తెలిపింది. చంద్రమానం ప్రకారం హజ్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కనుక రాబోయే ఏళ్లలో అది క్రమంగా చల్లని నెలలలోకి వెళ్తుంది. ఉమ్రాకైతే నెల ఎంచుకునే స్వేచ్ఛ మన చేతిలోనే ఉంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మక్కా వాతావరణం పెద్దలకు అనుకూలం. రమజాన్ ఉమ్రా ఘనత హదీసులలో ఉన్నమాట నిజమే. అయితే చివరి పది రాత్రుల రద్దీ మోకాళ్ల నొప్పులున్నవారికి తగినది కాదు. రమజాన్‌లోనే వెళ్లాలనుకుంటే మొదటి వారంలో వెళ్లి రావచ్చు.

నీళ్లు తాగని ప్రయాణం

ఇంట్లో ఎవరూ బయటికి మాట్లాడని విషయం ఒకటుంది. పెద్దలు, ముఖ్యంగా స్త్రీలు, ప్రయాణమంటే ముందురోజు నుంచే నీళ్లు తాగడం మానేస్తారు. బస్సు ఆపరని భయం. రైలు మరుగుదొడ్డి భయం. విమానంలో పక్కవారిని లేపాలంటే మొహమాటం. హరమ్‌లో అయితే వుజూ పోతుందని, మళ్లీ అంత దూరం నడిచి రావాలని భయం. ఫలితంగా మూత్రంలో మంట, కళ్లు తిరగడం, రక్తం చిక్కబడడం, కాళ్ల నరాల్లో గడ్డకట్టడం. షుగరు ఉన్నవారికి, మూత్రపిండాలు బలహీనమైనవారికి ఇది ప్రాణాల మీదికి వస్తుంది.

ఈ భయంలో సగం మసాయిల్ తెలియకపోవడం వల్లనే. తవాఫ్ మధ్యలో వుజూ పోతే బయటికి వెళ్లి వుజూ చేసుకుని వచ్చి, ఆగిన చోటు నుంచి కొనసాగించవచ్చు. సఫా మర్వాల మధ్య సయీకి వుజూ ఉండటం మంచిదే గానీ షరతు కాదు. మూత్రం చుక్కలు చుక్కలుగా ఆగకుండా వచ్చే జబ్బు ఉన్నవాడు, ఒక నమాజు పూర్తి సమయంలో ఫర్జ్ నమాజుకు సరిపడా వ్యవధి కూడా వుజూ నిలవని స్థితికి వస్తే, షరీఅత్ అతణ్ణి మఅజూర్ అంటుంది. ఆ సమయంలో ఒకసారి వుజూ చేసుకుంటే, ఆ నమాజు సమయం ముగిసేదాకా ఆ కారణంగా వుజూ పోదు. దానితో నమాజు చేయవచ్చు, తవాఫ్ చేయవచ్చు, ఖుర్‌ఆన్ ముట్టవచ్చు. ఎందరో పెద్దలు ఈ ఒక్క మస్అలా తెలియక మస్జిదుకు రావడమే మానేశారు. సిగ్గుపడి ఎవరినీ అడగరు. భార్యకైనా చెప్పరు. ఇహ్రామ్‌లో ఉండగా లోదుస్తు, డయాపర్ వంటివి తప్పనిసరి అయితే ఏం చేయాలన్నది మాత్రం బయలుదేరకముందే మీకు నమ్మకమున్న ఆలిమ్‌ను ఏకాంతంగా అడిగి తెలుసుకోండి. సిగ్గుపడవలసిన పని లేదు. హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి) తమ మొలల వ్యాధి గురించి దైవప్రవక్త (స)నే అడిగారు. నిలబడి చేయి, చేతకాకపోతే కూర్చుని, అదీ చేతకాకపోతే పక్కకు ఒరిగి నమాజు చేయమని జవాబు వచ్చింది. ఆయన అడగబట్టే ఇప్పుడు కోట్లమంది రోగులకు దారి దొరికింది.

విమానంలో, బస్సులో రెండు గంటలకొకసారి లేచి నాలుగడుగులు వేయాలి. లేవలేకపోతే కూర్చున్నచోటనే పాదాలు పైకీ కిందికీ ఆడించాలి. నడవాకు పక్కనున్న సీటు అడిగి తీసుకుంటే ఎవరినీ లేపే పని ఉండదు.

రైలులో కింది బెర్తు, తోలు మేజోళ్లు

మన వైపు పెద్దల ప్రయాణం ఇప్పటికీ ఎక్కువగా రైలులోనే. వృద్ధులకు ఇచ్చే చార్జీ రాయితీని రైల్వే శాఖ 2020 మార్చిలో నిలిపివేసింది. అయితే కింది బెర్తుల కోటా ఉంది. 60 ఏళ్లు నిండిన పురుషులకు, 45 ఏళ్లు నిండిన స్త్రీలకు అది వర్తిస్తుంది. కానీ ఒక టికెట్టుపై ఒక్కరు గానీ, ఇద్దరు గానీ ఉన్నప్పుడే ఆ కోటా పనిచేస్తుంది. కొడుకు ఇంటిల్లిపాదికీ కలిపి ఆరుగురికి ఒకే టికెట్ తీస్తాడు. కోటా వర్తించదు. డెబ్బై ఏళ్ల అబ్బాకు పై బెర్తు వస్తుంది. రాత్రి రెండు గంటలకు చీకట్లో దిగబోయి జారిపడతారు. తల్లిదండ్రులిద్దరికీ వేరుగా ఒక టికెట్ తీస్తే ఈ బాధ తప్పే అవకాశం ఎక్కువ. ఇది చిన్న సంగతే, కానీ తుంటి ఎముక విరిగితే అది చిన్న సంగతి కాదు.

రైలులో పెద్దలు పడిపోయే మరో చోటు చేతులు కడుక్కునే తొట్టి దగ్గర. వుజూకు కాలు కడగాలని, కదిలే రైలులో, తడి నేలమీద ఒంటికాలిపై నిలబడి రెండో కాలు తొట్టిమీదికి ఎత్తుతారు. దీనికి షరీఅత్ పద్నాలుగు శతాబ్దాల క్రితమే మార్గం చూపింది. ఇంటివద్ద పూర్తి వుజూ చేసుకుని, చీలమండలు కప్పే తోలు మేజోళ్లు - ఖుఫ్ఫైన్ - తొడుక్కుంటే, ఆ తర్వాత వుజూ చేసిన ప్రతిసారీ కాళ్లు కడగనక్కరలేదు. తడి చేతితో మేజోళ్ల పైభాగంపై మసహ్ చేస్తే చాలు. ఇంట్లో ఉండేవారికి ఒక పగలు ఒక రాత్రి, ముసాఫిర్‌కు మూడు పగళ్లు మూడు రాత్రులు ఈ సౌలభ్యం ఉంటుంది. మేజోళ్లు తొడుక్కున్నాక మొదటిసారి వుజూ పోయినప్పటి నుంచి ఈ గడువు లెక్క. ఉర్దూ బజార్లలో, మస్జిదుల దగ్గరి అత్తరు దుకాణాలలో ఇవి దొరుకుతాయి. మామూలు పలుచని నూలు సాక్సులపై హనఫీ ఉలమా మసహ్‌ను అనుమతించరు. షుగరున్నవారు వీటిని రాత్రిపూట విప్పి పాదాలను చూసుకోవాలి. విప్పితే తర్వాత మళ్లీ కాళ్లు కడిగి తొడుక్కోవాలి, అంతే.

ఖస్ర్ నమాజు సంగతి చాలామందికి తెలుసు. 48 మైళ్లు, అంటే సుమారు 77 కిలోమీటర్లకు మించిన ప్రయాణం చేస్తూ, చేరిన ఊళ్లో పదిహేను రోజులకంటే తక్కువ ఉండే ఉద్దేశం ఉంటే జుహ్ర్, అస్ర్, ఇషా ఫర్జ్‌లు నాలుగుకు బదులు రెండు రకాతులే. ఫజ్ర్, మగ్రిబ్ యథాతథం. హనఫీల దగ్గర ఇది ఇష్టముంటే చేసే తగ్గింపు కాదు, వాజిబ్. అయినా "ఊరికే కూర్చున్నాంగా, నాలుగూ చేద్దాం" అనే పెద్దలు ప్రతి రైలులోనూ కనిపిస్తారు. ఇమామ్ స్థానికుడైతే ఆయన వెనక మాత్రం నాలుగూ చేయాలి. రెండు నమాజులను ఒకే సమయంలో కలపడం హనఫీల దగ్గర అరఫాత్, ముజ్దలిఫాలలోనే. అయితే జుహ్ర్‌ను దాని చివరి సమయానికి జరిపి, అస్ర్‌ను ప్రవేశించిన వెంటనే చేస్తే ఒకే వుజూతో రెండూ తీరిపోతాయి. మోకాళ్లకు ఇది ఎంతో ఉపశమనం. ఇతర మజ్‌హబ్‌లవారు, అహ్లె హదీస్ సోదరులు ప్రయాణంలో కలిపి చేస్తారు. ఒకరినొకరు ఆక్షేపించుకోనవసరం లేదు.

ఉపవాసం విషయానికి వస్తే, సూరా బఖరా 185వ ఆయత్ రోగికి, ముసాఫిర్‌కు వాయిదా వేసుకునే అనుమతి ఇచ్చింది. ఒక ప్రయాణంలో ఒకతను ఉపవాసంతో సొమ్మసిల్లి పడిపోతే జనం గుమిగూడి నీడపట్టారు. ప్రయాణంలో ఇలా ఉపవాసముండటం పుణ్యకార్యం కాదని దైవప్రవక్త (స) చెప్పారు. ఇన్సులిన్ తీసుకునే మనిషి రమజాన్ ఉమ్రాలో సహరీకి ఒక ఖర్జూరం తిని పగలంతా తవాఫ్‌లు చేస్తుంటే పక్కనున్నవారు మెచ్చుకోకూడదు, వారించాలి.

కుర్చీలో కూర్చున్న తండ్రి

సఫా నుంచి మర్వాకు సుమారు 400 మీటర్లు. ఏడుసార్లు నడిస్తే మూడు కిలోమీటర్లకు కాస్త తక్కువ. దానికి ముందు తవాఫ్ ఏడు చుట్లు. రద్దీలో కింద చోటు దొరక్క పై అంతస్తుకు వెళ్తే ఒక్కో చుట్టూ ఇంకా పెద్దదవుతుంది. హోటల్ నుంచి రాకపోకలు అదనం. ఇంట్లో రోజుకు అర కిలోమీటరు కూడా నడవని మనిషి అక్కడ దిగిన రాత్రే, ప్రయాణ బడలికతోనే ఇదంతా పూర్తి చేయాలనుకుంటాడు. అలా చేయమని ఎవరూ చెప్పలేదు. ఇహ్రామ్ నియమాలు పాటిస్తూ కొన్ని గంటలు నిద్రపోయి, మాత్ర వేసుకుని, తిని, ఆ తర్వాత ఉమ్రా చేయవచ్చు. బయలుదేరడానికి రెండు మూడు నెలల ముందునుంచే రోజూ కాస్త కాస్త నడక పెంచుకోవడం అన్నిటికంటే మంచి తయారీ.

నడవగలిగినవాడు తవాఫ్, సయీ నడిచి చేయడం వాజిబ్. ఉజ్ర్ ఉన్నవాడు వాహనంపై చేస్తే దమ్ లేదు, లోపమూ లేదు. హజ్రత్ ఉమ్మె సలమా (రజి) తమకు ఒంట్లో బాగాలేదని చెప్పినప్పుడు జనం వెనుకగా వాహనంపై తవాఫ్ చేయమని దైవప్రవక్త (స) స్వయంగా చెప్పారు. ముస్లిముల మాతృమూర్తికి లోపం కానిది మన అమ్మీకి ఎందుకు లోపమవుతుంది? హరమ్‌లో చక్రాల కుర్చీలు ఉన్నాయి, తోసేవారున్నారు, పై అంతస్తులో బ్యాటరీ బండ్లున్నాయి. కొడుకే తండ్రిని తోస్తే, అతనూ నియ్యత్ చేసుకుంటే, ఒకే నడకలో ఇద్దరి తవాఫూ నెరవేరుతుంది. మా విద్యార్థులకు ఈ మస్అలా చెప్పినప్పుడల్లా వారి ముఖాలు వెలిగిపోతాయి.

హజ్రె అస్వద్‌ను ముద్దాడటం సున్నత్. సాటి ముస్లింను తోసి బాధపెట్టడం హరామ్. అరవై దాటినవారు ఆ గుంపులోకి దిగకుండా దూరం నుంచి చేయెత్తి ఇస్తిలామ్ చేస్తే సున్నత్ నెరవేరినట్లే. హజ్‌లో హజ్రత్ సౌదా (రజి) భారీ కాయం, నెమ్మది నడక కలవారు. రద్దీకి ముందే రాత్రిపూట ముజ్దలిఫా నుంచి బయలుదేరడానికి వారికి అనుమతి లభించింది. జమరాత్ దాకా వెళ్లలేని నిజమైన అశక్తులు రమీకి వకీలును పెట్టుకోవచ్చు. తవాఫె జియారత్‌కు మాత్రం వకాలత్ లేదు. కుర్చీలోనైనా, మంచంమీదనైనా ఎవరిది వారే చేయాలి. మదీనాలో నలభై నమాజులు పూర్తికాకపోతే హజ్ అసంపూర్ణమని కొందరు పెద్దలు జ్వరంతో కూడా లేచి వెళ్తారు. హజ్‌కూ దానికీ సంబంధం లేదు.

పాదాల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. షుగరు చాలా ఏళ్లుగా ఉన్నవారికి అరికాలి స్పర్శ తగ్గిపోతుంది. మతాఫ్‌లోని పాలరాయి ఎండలోనూ చల్లగానే ఉంటుంది. కానీ బయట తలుపు దగ్గర విడిచిన చెప్పులు కనిపించకపోతే, మిట్టమధ్యాహ్నం కాలే నేలపై హోటల్ దాకా ఉత్త కాళ్లతో నడుస్తారు. కాలుతున్న సంగతి తెలియదు. రాత్రికి బొబ్బలు కనిపిస్తాయి. చెప్పులను ఒక గుడ్డసంచిలో వేసి మెడకు తగిలించుకుని వెంట తీసుకెళ్లాలి. రోజూ పడుకునేముందు అరికాళ్లను మరొకరు చూడాలి. ఎవరూ లేకపోతే అద్దం పెట్టుకుని చూసుకోవాలి.

మందుల విషయంలో మూడు మాటలు. ఇన్సులిన్, రోజూ వాడే మాత్రలు చేతిసంచిలోనే ఉండాలి. సామాను కింద వేస్తే అక్కడి చలికి ఇన్సులిన్ గడ్డకట్టి పాడవుతుంది, సామాను తప్పిపోతే మందూ పోతుంది. డాక్టరు చీటీ మందుల పేర్లతో స్పష్టంగా ఉండాలి, ఎందుకంటే మన దగ్గర మామూలుగా దొరికే కొన్ని నొప్పి మాత్రలు, నిద్రమాత్రలు సౌదీలో నియంత్రిత మందులు. సౌదీ సమయం మనకంటే రెండున్నర గంటలు వెనక కాబట్టి సూది ఎప్పుడు వేసుకోవాలో డాక్టరునే అడగాలి. హజ్‌కు వెళ్లేవారికి మెదడువాపును నివారించే మెనింజైటిస్ టీకా తప్పనిసరి, అదీ కనీసం పది రోజుల ముందు. పెద్దలు ఫ్లూ టీకా కూడా వేయించుకోవడం మంచిది.

వంటింటి మాట ఒకటి. గసగసాలు సౌదీలో నిషిద్ధం. మనకు అవి కుర్మా మసాలా, అక్కడ మాదకద్రవ్యాల కిందికి వస్తాయి. అమ్మీ దంచి కట్టిన మసాలా పొట్లంలో అవి లేకుండా చూడండి. తంబాకు, గుట్కా జోలికి పోకండి. అన్నిటికంటే ముఖ్యం, "మా అబ్బాయికి ఈ డబ్బా ఇవ్వండి" అని ఎవరిచ్చినా, ఎంత తెలిసినవారైనా, విప్పి చూడకుండా తీసుకోకండి. పెద్దవాళ్లు కాదనలేరని తెలిసే వాళ్ల చేతిలో పెడతారు.

తోడు ఎవరు?

హజ్ కమిటీ 2025 హజ్‌కు ప్రకటించిన విధానంలో ప్రాధాన్య కోటా వయసును 70 నుంచి 65కు తగ్గించి, ఆ వయసువారి వెంట తోడు ఉండాలని షరతు పెట్టింది. ఉమ్రాకు అలాంటి కట్టడి లేదు. అందుకే కొడుకులు పైకం కట్టి, విమానాశ్రయంలో చేయి ఊపి, "గ్రూపు వాళ్లు చూసుకుంటారు" అని తిరిగి వచ్చేస్తారు. గ్రూపులో నలభై మంది. నడిపించేది ఒక్కడు. నాకు తెలిసిన ఒక ముసలి దంపతులను ఒక ట్రావెల్స్ వారు హరమ్‌కు పది నిమిషాల నడక అని చెప్పి తీసుకెళ్లారు. ఆ పది నిమిషాలు పాతికేళ్ల కుర్రవాడి నడకలో. మధ్యలో ఎత్తు ఎక్కాలి. ఆ తల్లి పన్నెండు రోజుల్లో మూడుసార్లే హరమ్ చూసింది. హోటల్ ఎంత దూరం అని అడగడం చాలదు. ఎత్తు ఉందా, లిఫ్టు ఉందా, బాత్‌రూములో కమోడ్ ఉందా, హరమ్ దాకా బస్సు ఉందా అని కాగితంమీద రాయించుకోవాలి.

భాష కూడా ఒక సమస్య. పట్నాల్లో ఉర్దూ వచ్చినవారు అక్కడ ఎలాగో నెట్టుకొస్తారు; పాకిస్తానీ, బెంగాలీ సోదరులతో మాట్లాడగలరు. కానీ మన గ్రామాల్లో, ముఖ్యంగా దూదేకుల కుటుంబాల్లో, తెలుగు తప్ప మరో భాష రాని పెద్దలెందరో ఉన్నారు. అందరూ తెల్లబట్టల్లో ఉన్న జనంలో వారు తప్పిపోతే ఎవరినీ అడగలేరు. హోటల్ పేరు, తోడున్నవారి ఫోను నెంబరు, జబ్బు పేరు, మందుల పేర్లు అరబీలో, ఉర్దూలో, ఇంగ్లీషులో రాసిన కార్డు మెడలో ఉండాలి. ఏ తలుపు నుంచి లోపలికి వెళ్లారో దాని నెంబరు చూసుకోవాలి. మలిక్ అబ్దుల్ అజీజ్ తలుపు 1, మలిక్ ఫహద్ తలుపు 79. విడిపోతే ఫలానా తలుపు బయట కూర్చుని ఉండాలని ముందే అనుకోవాలి, వెతుక్కుంటూ తిరగకూడదు. మదీనాలో రియాజుల్ జన్నాలో నమాజుకు నుసుక్ యాప్ ద్వారా ముందే సమయం తీసుకోవాలి. ఆ పని ఇంటినుంచి మనవడు చేసి పెట్టవచ్చు.

ముగ్గురు ప్రయాణిస్తే ఒకరిని అమీర్ చేసుకోమని హదీసులో ఉంది. మనవాళ్లు మర్యాదకొద్దీ అందరిలోకి పెద్దాయనను అమీర్ చేస్తారు. పరుగులు పెట్టగలిగే, ఫోను వాడగలిగే, ఎవరు మాత్ర వేసుకున్నారో అడగగలిగే నలభై ఏళ్ల వ్యక్తిని అమీర్‌గా పెట్టి, పెద్దాయనను సలహాకు ఉంచుకుంటే మంచిది. "అబ్బా, మందు వేసుకున్నారా?" అని రోజుకు మూడుసార్లు అడిగినా విసుక్కోని తోడు కావాలి. విసుక్కోని అబ్బా కూడా కావాలి.

వసియ్యత్

రాసి ఇవ్వదగింది ఏదైనా ఉన్న ముస్లిం రెండు రాత్రులు కూడా వసియ్యత్ రాసిపెట్టకుండా గడపకూడదని హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) ఉల్లేఖించిన హదీసు బోధిస్తోంది. ప్రయాణానికి ముందు అప్పులు, అమానతులు కాగితంమీద పెట్టడం మన పెద్దల అలవాటు. ఇప్పుడు అది తగ్గింది. 2025 నవంబరులో మక్కా నుంచి మదీనాకు వెళ్తున్న బస్సు ప్రమాదంలో నలభై మందికి పైగా మన దేశపు ఉమ్రా యాత్రికులు మరణించారు. వారిలో ఎక్కువమంది హైదరాబాదువారు. ఒకే కుటుంబంలో ఎందరో పోయారు. అల్లాహ్ వారందరినీ క్షమించుగాక. అలాంటి వార్త విన్నప్పుడు ఇళ్లలో ఏడుపులు వినిపిస్తాయి, ఆ తర్వాత బ్యాంకులో ఎవరి పేరుంది, మహర్ బాకీ ఎంత, ఎవరికి ఎంత ఇవ్వాలి అన్న వెతుకులాట మొదలవుతుంది. భార్యాభర్తలిద్దరూ కలిసి ప్రయాణిస్తుంటే ఈ వివరాలు తెలిసిన మూడో మనిషి ఇంటివద్ద ఉండాలి. పాస్‌పోర్టు, వీసా, టికెట్ నకళ్లు కూడా ఆ మనిషి దగ్గరే ఉంచాలి.

ప్రయాణం యాతనలో ఒక భాగమని, అది నిద్రకూ తిండికీ అడ్డుపడుతుందని, పని తీరగానే ఇంటికి త్వరపడాలని దైవప్రవక్త (స) చెప్పారు. మనవాళ్లు పని తీరాక బజారుకు త్వరపడతారు. బంధువులందరికీ జానమాజులు, తస్బీహ్‌లు కొంటూ చివరి రెండు రోజులూ అమ్మీ కాళ్లు వాచేలా తిరుగుతుంది. ఆ పెట్టె, జమ్‌జమ్ డబ్బా బరువు ఎత్తబోయి నడుము పట్టేసినవారున్నారు. విమానాశ్రయంలో చక్రాల కుర్చీ కావాలని కనీసం 48 గంటల ముందు విమాన సంస్థకు చెప్పుకుంటే తిరుగు ప్రయాణంలో అంత నడక తప్పుతుంది.

ఇంటికి చేరిన రోజే మొహల్లా అంతా ముసాఫహాకు వస్తుంది. రెండు రోజులు ఆగి రమ్మని కొడుకులే గుమ్మం దగ్గర నిలబడి మర్యాదగా చెప్పాలి. అలా చెప్పడం అమర్యాద అనిపించినా సరే. తిరిగి వచ్చిన రెండు వారాలలో జ్వరం, దగ్గు, ఆయాసం ఉంటే "ప్రయాణ బడలికే" అని ఇంట్లో కషాయంతో సరిపెట్టక డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. సౌదీ నుంచి ఫలానా తేదీన వచ్చామని ఆ డాక్టరుకు ముందుగా చెప్పాలి.